అరవై ఒకటో పేరు

డెనిజ్లి ఊరి చివర
మా తువ్వాళ్ల మిల్లులో
గాలికి కూడా పింజ పట్టుకుంటుంది.
దువ్వెనకి వస్తుంది, టీ గ్లాసులో తేలుతుంది,
కనుబొమల మీద కూర్చుని
పాతికేళ్ల కుర్రాణ్ణి మధ్యాహ్నానికల్లా ముసలివాణ్ణి చేస్తుంది.
ట్యూబ్‌లైట్ల మీద, మోటార్ల వీపుల మీద
వేలెడు మందం.
చూస్తే మంచు.
ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

నేను గోదాం మనిషిని.
వెనక తలుపు తాళంచెవి
పదకొండేళ్లుగా నా నడుముకే.
ఒక శీతాకాలం నలభై తువ్వాళ్లు పోయాయి,
అప్పుడు వేశాను తాళం.
తర్వాత చోటు చాలక
ఆ తలుపుకే ఆనించి నూలు బేళ్లు పేర్చాను.
ఎవరూ అడగలేదు.
అడక్కపోవడాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను.

అడగడానికి హాజెర్ వచ్చింది.
నిన్నటిదాకా మగ్గం నడిపిన మనిషి,
ఎక్కడో మూడు రోజులు నేర్చుకుని
నారింజ రంగు చొక్కాతో, మెడలో ఈలతో,
అట్టకి బిగించిన పేర్ల జాబితాతో దిగింది.
"ఈ బేళ్లు తియ్యి, జెలాల్."
"తీసి ఎక్కడ పెట్టను? నెత్తినా?"
"పెట్టుకో. నెత్తికైతే కాళ్లున్నాయి, బయటికి నడిచొస్తుంది."

చీపురు పట్టుకుని మోటార్ల కిందకి పాకింది.
చచ్చిన గొర్రెంత పింజ బయటికి లాగింది.
పెరట్లో రేకు మీద అందులోంచి చిటికెడు పోసి
అగ్గిపుల్ల గీసింది.
అంటుకోవడం మేం చూడలేదు.
అయిపోవడమే చూశాం.
మా యజమాని రెఫిక్ బే
పెదాల మధ్య ఇంకా వెలిగించని సిగరెట్‌ని
ఏమీ అనకుండా పెట్టెలో పెట్టేశాడు.

గురువారం పదీ ఇరవైకి గంట మోగింది.
ఉత్తుత్తి గంటే. ముందే చెప్పారు.
మగ్గాలు ఆపి, నవ్వుతూ దిగాం.
ఒకడు టీ గ్లాసు వెంట తెచ్చుకున్నాడు,
ఇద్దరు కోట్లు మరిచామని వెనక్కి తిరిగారు,
మెట్ల మలుపులో భుజాలు ఇరుక్కుని
నవ్వు కొంచెం పల్చబడింది.
ఆరు నిమిషాలు.

పెరట్లో హాజెర్ పేర్లు చదివింది.
అరవై మంది పలికారు.
అరవై ఒకటో పేరు ఫెరిదె.
పిలిచింది. మళ్లీ పిలిచింది.
ఆ పేరు మిల్లు గోడదాకా వెళ్లి
ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.
అప్పుడు గుర్తొచ్చింది, అందరికీ ఒక్కసారే,
ఆరేళ్లుగా పక్కపక్కన నేస్తున్నవాళ్లకి:
ఫెరిదెకి వినపడదు.

నేనే పరిగెత్తాను.
అంత పెద్ద హాల్లో ఒక్క మగ్గం ఆడుతోంది.
చిట్టచివరిది, గోడవైపు మొహం.
పోగు తెగితే ఆపి, ముడేసి,
మళ్లీ నడిపిస్తోంది ఫెరిదె.
నీలం పడుగులోకి తెల్లటి పేక
వెళ్తోంది, వస్తోంది.
ఆమె వీపుకి పదడుగుల దూరంలో
నా బేళ్లు.
వాటి వెనక నా తాళం.

భుజం తట్టాను.
నేల అదరడం ఆగిందని ఆమెకీ తెలుసు.
వేళ్లతో అడిగింది: టీ వేళయిందా?
నేను
అవునని తలూపాను.

ఆ రాత్రి బేళ్లన్నీ ఒక్కణ్ణే మోశాను.
"కాలని ఇంటికి బావి తవ్వుతున్నావా?" అని
లారీ డ్రైవరు నవ్వాడు.
అవునన్నాను. ఈసారి అబద్ధం కాదు.

ఇప్పుడా తలుపుకి తాళం లేదు,
నడుముతో తోస్తే తెరుచుకునే కడ్డీ ఉంది.
ఫెరిదె మగ్గం మీద ఎర్రదీపం,
గంటతో పాటే వెలుగుతుంది.
దీపాన్నీ నమ్మదు హాజెర్,
పక్క మగ్గం ఆయ్‌సెల్‌కి అప్పగించింది
ఆ భుజాన్ని.
పోయిన నెల రెండున్నర నిమిషాలు.
"పింజకి అంత ఓపిక లేదు" అంటుంది హాజెర్,
మళ్లీ చీపురు అందుకుంటూ.

ఫెరిదె భాషలో మిల్లంతటికీ ఒక మాట వచ్చు:
వేళ్లన్నీ పైకి ఆడిస్తే, నిప్పు.
రెండోది నేనొక్కణ్ణే అడిగి నేర్చుకున్నాను.
టీ కాదు. లే.